కణ సంకేత మార్గాలు, వ్యాధులు, లక్షిత చికిత్స

జీవకణం తన పరిసరాల నుండి గాని, ఇతర కణాల నుండి గాని వచ్చే సమాచారాన్ని గ్రహించి, దానికి తగినట్లు స్పందించడానికి తోడ్పడే రసాయన చర్యల వరుసను కణ సంకేత మార్గం అంటారు. ఆంగ్లంలో దీనిని సెల్ సిగ్నలింగ్ పాత్‌వే అని వ్యవహరిస్తారు. కణం ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు విభజన చెందాలి, ఎప్పుడు చక్కెరను లోనికి తీసుకోవాలి, ఎప్పుడు తనంతట తాను మరణించాలి అనే విషయాలు ఈ మార్గాల ద్వారానే నిర్ణయమవుతాయి. ఈ మార్గాలలో ఏదో ఒక చోట లోపం ఏర్పడినపుడు మధుమేహం, కీళ్లవాతం, క్యాన్సర్ వంటి వ్యాధులు కలుగుతాయి. లోపం ఏ అణువు వద్ద ఉన్నదో గుర్తించి, ముఖ్యంగా ఆ అణువుపైనే పనిచేసేటట్లు రూపొందించిన మందులతో చేసే వైద్యాన్ని లక్షిత చికిత్స అంటారు.

ఈ శాస్త్రంతో తెలుగువారికి రెండు విధాల సంబంధం ఉన్నది. సంకేత మార్గాలన్నిటికీ ఇంధనం వంటి ఏటీపీ అనే పదార్థాన్ని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. లక్షిత చికిత్సలో వాడే ఖరీదైన మందులను తక్కువ ధరకు తయారు చేయడంలోను, వాటి పేటెంట్లపై జరిగిన న్యాయపోరాటాలలోను హైదరాబాదు ఔషధ పరిశ్రమ ముఖ్యపాత్ర వహించింది.

ఒక పోలిక

సికింద్రాబాదుకు చేరువలోని మౌలాలి వంటి ఒక రైల్వే స్టేషనును ఊహించుకుందాం. ముందు స్టేషను నుండి వార్త వస్తుంది. స్టేషను మాస్టరు దానిని అందుకొని క్యాబిన్‌కు తెలియజేస్తాడు. అక్కడ పట్టాల మలుపు సరిచేస్తారు, తరువాత సిగ్నలు పచ్చగా మారుతుంది, అప్పుడు బండి కదులుతుంది. బండి దాటిపోగానే సిగ్నలు తిరిగి ఎర్రగా మారుతుంది. ఇక్కడ వార్త తెచ్చినది ఒకటి, అందుకొన్నది ఒకటి, చేరవేసినది మరొకటి, చివరకు పనిచేసినది వేరొకటి. కణంలో జరిగేది కూడా ఇదే.

ఈ పోలికలో గమనించవలసిన ముఖ్యవిషయం, సిగ్నలు పచ్చగా మారడం ఎంత అవసరమో తిరిగి ఎర్రగా మారడం కూడా అంతే అవసరం. పచ్చ దీపం అలాగే నిలిచిపోతే ప్రమాదం తప్పదు. ఈ వ్యాసంలో చెప్పబోయే వ్యాధులలో చాలావరకు అలా నిలిచిపోయిన పచ్చ దీపాలే. కొన్ని మాత్రం, వార్త వచ్చినా వెలగని దీపాలు.

మార్గంలోని దశలు

మానవ శరీరంలో సుమారు 30 లక్షల కోట్లకు పైగా కణాలు ఉన్నాయని అంచనా. వీటి మధ్య సమాచార వినిమయం ప్రధానంగా మూడు దశలలో జరుగుతుంది.

గ్రహణం: హార్మోను, పెరుగుదల కారకం, నాడీ రసాయనం వంటి సంకేత అణువు కణత్వచంపై గాని, కణం లోపల గాని ఉన్న గ్రాహకం అనే ప్రోటీనుకు అతుక్కుంటుంది. తాళానికి తాళంచెవి వలె, ప్రతి గ్రాహకం తనకు సరిపడిన అణువునే స్వీకరిస్తుంది.

ప్రసారం: గ్రాహకం ఆకారం మారి, కణం లోపలి ప్రోటీన్లను ఒకదాని తరువాత ఒకటిగా ఉత్తేజపరుస్తుంది. ప్రతి దశలోను సంకేతం పలు రెట్లు పెరుగుతుంది. అందువలన రక్తంలో అతి స్వల్ప పరిమాణంలో ఉన్న హార్మోను కూడా పెద్ద మార్పును తీసుకురాగలదు.

స్పందన: చివరగా ఒక ఎంజైము పనిచేయడమో, కేంద్రకంలో కొన్ని జన్యువులు వ్యక్తం కావడమో, కణం విభజన చెందడమో జరుగుతుంది.

ఈ మూడింటితో పాటు విరమణ అనే నాలుగవ దశను కూడా చెప్పుకోవాలి. సంకేతం పని పూర్తి కాగానే దానిని ఆపివేసే ఎంజైములు కణంలో ఉంటాయి.

గ్రాహకాలలో రకాలు

జీ-ప్రోటీను సంధాన గ్రాహకాలు: ఇవి కణత్వచాన్ని ఏడు సార్లు దాటుతూ పాము వలె మెలికలు తిరిగి ఉంటాయి. మానవులలో ఇవి సుమారు 800 రకాలు. చూపు, వాసన, అడ్రినలిన్ ప్రభావం వీటి ద్వారానే కలుగుతాయి. నేడు వాడుకలో ఉన్న మందులలో దాదాపు మూడవ వంతు వీటిపైనే పనిచేస్తాయి. ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ ఇందుకు ఉదాహరణ. ఈ గ్రాహకాల పరిశోధనకు రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయన్ కోబిల్కాలకు 2012లో నోబెల్ బహుమతి లభించింది.

టైరోసిన్ కైనేజ్ గ్రాహకాలు: ఇన్సులిన్, పెరుగుదల కారకాలు వీటికి అతుక్కుంటాయి. క్యాన్సర్ చికిత్సలో వీటికి చాలా ప్రాముఖ్యం ఉన్నది.

అయాన్ మార్గ గ్రాహకాలు: సంకేతం రాగానే తలుపు వలె తెరుచుకొని సోడియం, కాల్షియం వంటి అయాన్లను లోనికి పంపుతాయి. నాడులు, కండరాలు వీటి వలననే వేగంగా పనిచేయగలుగుతున్నాయి.

కేంద్రక గ్రాహకాలు: ఇవి కణం లోపల ఉంటాయి. కణత్వచాన్ని సులువుగా దాటగల ఈస్ట్రోజెన్, కార్టిసోల్ వంటి హార్మోనులు వీటిని చేరి నేరుగా జన్యువులపై ప్రభావం చూపుతాయి.

ఏటీపీ, కైనేజులు, యల్లాప్రగడ సుబ్బారావు

కణం లోపల ఒక ప్రోటీను మరొక ప్రోటీనుకు సంకేతాన్ని అందించే పద్ధతులలో అతి ముఖ్యమైనది ఫాస్ఫేట్ గుర్తు వేయడం. దీనిని ఫాస్ఫారిలేషన్ అంటారు. ఫాస్ఫేట్‌ను అతికించే ఎంజైములను కైనేజులు అని, తొలగించే ఎంజైములను ఫాస్ఫటేజులు అని పిలుస్తారు. ఫాస్ఫేట్ అతుక్కోగానే ప్రోటీను ఆకారం మారి పని మొదలుపెట్టవచ్చు లేక మానివేయవచ్చు. విద్యుద్దీపానికి స్విచ్చు ఎటువంటిదో ప్రోటీనుకు ఫాస్ఫేట్ అటువంటిది. ఈ విషయాన్ని 1950వ దశకంలో వెలికితీసిన ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ బహుమతి ఇచ్చారు. 2002లో ప్రచురించిన లెక్క ప్రకారం మానవ జన్యుపదార్థంలో 518 కైనేజుల సమాచారం ఉన్నది.

కైనేజులు వాడే ఫాస్ఫేట్ ఎక్కడి నుండి వస్తుంది? అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఏటీపీ నుండి. 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో, జీవద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. ఆ పద్ధతి నేటికీ జీవరసాయన శాస్త్ర విద్యార్థులకు ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా సుపరిచితం. దాని సహాయంతోనే వారు 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు.

ప్రతి కైనేజు ప్రోటీనులోను ఏటీపీ వచ్చి కూర్చోవడానికి ఒక చిన్న గుంట ఉంటుంది. ఈ గుంటను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. సుబ్బారావు ఏటీపీని గుర్తించిన ఏడు దశాబ్దాల తరువాత, ఏటీపీకి బదులుగా ఆ గుంటలో కూర్చునే మందే లక్షిత చికిత్సకు మార్గదర్శకమయింది.

క్యాన్సర్ చికిత్సతో సుబ్బారావుకు మరొక సంబంధం కూడా ఉన్నది. ఆయన 1940 నుండి లెడర్లీ ప్రయోగశాలలలో పనిచేశారు. అక్కడ ఆయన బృందం తయారు చేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి, తాత్కాలికంగానైనా వ్యాధి తగ్గుతుందని 1948లో ప్రకటించారు. దాని తరువాత వచ్చిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉన్నది. ఇవి ఫోలిక్ ఆమ్లం చర్యను అడ్డుకొని, వేగంగా విభజన చెందే కణాలన్నిటినీ దెబ్బతీస్తాయి. అందువలననే ఇటువంటి కీమోథెరపీలో నోటి పొర, జీర్ణనాళపు పొర, ఎముక మూలుగ కూడా బాధకు లోనవుతాయి. వీటికి, లక్షిత చికిత్సకు గల భేదం ఇక్కడే ఉన్నది.

ద్వితీయ వార్తాహరులు, కలరా

గ్రాహకానికి అతుక్కున్న హార్మోను మొదటి వార్తాహరి. అది గడప దాటి లోనికి రాదు. లోపల వార్తను మోసుకుపోయే చిన్న అణువులను ద్వితీయ వార్తాహరులు అంటారు. వీటిలో మొదట తెలిసినది చక్రీయ ఏఎంపీ. దీనిని కనుగొన్న ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో, గ్రాహకానికి చక్రీయ ఏఎంపీకి మధ్యవర్తులైన జీ-ప్రోటీన్లను కనుగొన్న ఆల్ఫ్రెడ్ గిల్మన్, మార్టిన్ రాడ్‌బెల్‌లకు 1994లో నోబెల్ బహుమతులు లభించాయి.

జీ-ప్రోటీను తనంతట తానే ఆగిపోయే గడియారం వంటిది. కలరా విషం సరిగ్గా ఆ గడియారాన్నే చెడగొడుతుంది. పేగు కణాలలోని జీ-ప్రోటీను ఆగకుండా పనిచేయడం వలన చక్రీయ ఏఎంపీ విపరీతంగా పెరిగి, క్లోరైడు, దానితో పాటు నీరు పేగులోనికి ధారగా ప్రవహిస్తాయి. రోగి కొద్ది గంటలలోనే నీరంతా కోల్పోతాడు. కలరా క్రిమి విషాన్ని స్రవిస్తుందని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించారు.

అయితే ఉప్పును, చక్కెరను కలిపి లోనికి తీసుకునే మరొక మార్గం అదే పేగు కణంలో ఉన్నది. దానిని ఈ విషం చెడగొట్టదు. ఉప్పు, చక్కెర కలిపిన నీటిని, అనగా ఓఆర్ఎస్ ద్రావణాన్ని తాగించడం వలన ప్రాణం నిలవడానికి కారణం ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరాలలో దిలీప్ మహలనబిస్ ఈ పద్ధతిని పెద్ద ఎత్తున అమలుచేసి వేలాదిమంది ప్రాణాలు కాపాడారు. చెడిన మార్గాన్ని బాగుచేయలేనపుడు చెడని మార్గాన్ని ఉపయోగించుకోవచ్చునని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

ఇన్సులిన్ మార్గం, మధుమేహం

భోజనం తరువాత రక్తంలో చక్కెర పెరగగానే క్లోమం ఇన్సులిన్‌ను స్రవిస్తుంది. ఇన్సులిన్ తన గ్రాహకానికి అతుక్కోగానే పీఐ3కే, ఏకేటీ అనే కైనేజులు వరుసగా ఉత్తేజితమవుతాయి. వాటి ప్రభావంతో కండరాలలోను, కొవ్వు కణాలలోను గ్లూట్-4 అనే వాహక ప్రోటీన్లు కణం ఉపరితలానికి చేరి గ్లూకోజును లోనికి తీసుకుంటాయి.

మొదటి రకం మధుమేహంలో ఇన్సులిన్ ఉత్పత్తి చేసే కణాలే నశిస్తాయి, అనగా వార్త పంపేవారే ఉండరు. రెండవ రకంలో, కనీసం తొలి దశలో, ఇన్సులిన్ ఉన్నా కణాలు దాని మాట సరిగా వినవు. దీనిని ఇన్సులిన్ నిరోధకత అంటారు. ఇన్సులిన్ పట్ల కణాల స్పందనను పెంచడానికి పీపార్-గామా అనే కేంద్రక గ్రాహకాన్ని ఉత్తేజపరచే పయోగ్లిటజోన్ వంటి మందులు వచ్చాయి.

ఇదే గ్రాహకంపై హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ సంస్థ పరిశోధన జరిపింది. కల్లం అంజిరెడ్డి స్థాపించిన ఈ సంస్థ బాలాగ్లిటజోన్, రాగాగ్లిటజార్ అనే కొత్త అణువులను కనుగొని, 1990వ దశకం చివరలో డెన్మార్కుకు చెందిన నోవో నార్డిస్క్ సంస్థకు లైసెన్సు ఇచ్చింది. భారతదేశంలో కనుగొన్న అణువును విదేశీ సంస్థ స్వీకరించడం అప్పట్లో విశేషంగా చెప్పుకున్నారు. కాని ప్రయోగశాల జంతువులలో మూత్రాశయ కణితులు కనిపించడంతో 2002లో రాగాగ్లిటజార్ పరీక్షలు నిలిచిపోయాయి. బాలాగ్లిటజోన్ కూడా చివరకు మార్కెట్టుకు చేరలేదు. ఒకే గ్రాహకం అనేక అవయవాలలో అనేక పనులు చేస్తుంది కనుక, దానిని తాకే మందు ఎక్కడ ఏ ఫలితం ఇస్తుందో ముందుగా చెప్పడం కష్టమని ఈ అనుభవం తెలుపుతుంది.

క్యాన్సర్: ఆరిపోని పచ్చ దీపం

ఆరోగ్యవంతమైన కణం, పెరుగుదల కారకం వచ్చి చెప్పినపుడే విభజన చెందుతుంది. ఆ వార్త గ్రాహకం నుండి రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రోటీన్ల ద్వారా కేంద్రకాన్ని చేరుతుంది. ఈ వరుసలో ఏ ప్రోటీను జన్యువులోనైనా ఉత్పరివర్తన జరిగి అది శాశ్వతంగా ఉత్తేజిత స్థితిలో నిలిచిపోతే, ఎవరూ చెప్పకపోయినా కణం విభజన చెందుతూనే ఉంటుంది. అటువంటి జన్యువులను ఆంకోజీనులు అంటారు. ఇవి బయటి నుండి వచ్చినవి కావని, మన సాధారణ జన్యువులే రూపు మారి ఆంకోజీనులవుతాయని నిరూపించిన మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్‌లకు 1989లో నోబెల్ బహుమతి లభించింది. మానవ క్యాన్సర్లలో దాదాపు ఐదవ వంతులో రాస్ కుటుంబ జన్యువుల మార్పు కనిపిస్తుంది.

దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా

సీఎంఎల్ అని వ్యవహరించే ఈ రక్త క్యాన్సర్, సంకేత మార్గంలోని ఒకే ఒక్క లోపం వ్యాధిని ఎలా కలిగిస్తుందో తెలిపే చక్కని ఉదాహరణ. ఇందులో తెల్ల రక్తకణాలు విపరీతంగా పెరిగి, ప్లీహం ఉబ్బుతుంది. నీరసం, బరువు తగ్గడం, ఎడమ డొక్కలో బరువుగా ఉండడం సాధారణ లక్షణాలు. మన దేశంలో ఈ వ్యాధి పాశ్చాత్య దేశాలలో కంటే చిన్న వయసులో, అనగా కుటుంబభారం మోసే వయసులో ఎక్కువగా కనిపిస్తుంది.

1960లో ఫిలడెల్ఫియా నగరంలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఈ రోగుల కణాలలో అసాధారణంగా పొట్టిగా ఉన్న ఒక క్రోమోసోమును చూశారు. దానికి ఫిలడెల్ఫియా క్రోమోసోము అని పేరు వచ్చింది. 9వ, 22వ క్రోమోసోములు విరిగి ముక్కలు మార్చుకోవడమే దీనికి కారణమని 1973లో జానెట్ రౌలీ వివరించారు. ఈ మార్పిడి వలన 9వ క్రోమోసోముపై ఉన్న ఏబీఎల్ జన్యువు, 22వ క్రోమోసోముపై ఉన్న బీసీఆర్ జన్యువుతో అతుక్కుంటుంది. ఏబీఎల్ ఒక టైరోసిన్ కైనేజు. మామూలుగా దానిని అదుపులో ఉంచే కట్టుబాటు ఈ కలయికలో పోతుంది. ఫలితంగా బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త ప్రోటీను, ఎవరి ఆజ్ఞ కోసమూ ఎదురుచూడకుండా ఏటీపీ నుండి ఫాస్ఫేట్లు తీసి ఇతర ప్రోటీన్లకు అతికిస్తూనే ఉంటుంది. వ్యాధికి మూలం ఇదే.

ఇమాటినిబ్

బీసీఆర్-ఏబీఎల్ లోని ఏటీపీ గుంటను మూసివేయగల అణువు కోసం స్విట్జర్లాండులోని సీబా-గైగీ సంస్థలో నికొలస్ లైడన్, రసాయన శాస్త్రవేత్త యూర్గ్ జిమ్మర్‌మన్ తదితరులు కృషిచేశారు. వారు తయారు చేసిన అణువే ఇమాటినిబ్. 1996లో ఈ సంస్థ శాండోజ్‌తో విలీనమై నోవార్టిస్‌గా మారింది. అమెరికాలోని ఓరెగాన్‌కు చెందిన వైద్యుడు బ్రయన్ డ్రూకర్ 1998లో దీనిని రోగులకు ఇవ్వడం ప్రారంభించారు. మొదటి దశ పరీక్షలో రోజుకు 300 మిల్లీగ్రాములు, అంతకు పైన పుచ్చుకున్న 54 మంది దీర్ఘకాలిక దశ రోగులలో 53 మందికి రక్తకణాల సంఖ్య సాధారణ స్థితికి వచ్చింది. 2001 మే 10న అమెరికా ప్రభుత్వం దీనికి అనుమతి ఇచ్చింది.

అంతకు ముందు ఈ వ్యాధికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, హైడ్రాక్సీయూరియా, దాత దొరికితే మూలుగ మార్పిడి మాత్రమే గతి. ఇమాటినిబ్ వచ్చిన తరువాత రోజూ మాత్ర వేసుకుంటూ పనిపాటలు చేసుకునే వీలు కలిగింది. ఒక పెద్ద అంతర్జాతీయ పరీక్షలో ఇమాటినిబ్‌తో చికిత్స ప్రారంభించిన వారిలో పదేళ్ల తరువాత సుమారు 83 శాతం మంది జీవించి ఉన్నారు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా గ్రహించాలి. ఇమాటినిబ్ ఫిలడెల్ఫియా క్రోమోసోమును సరిచేయదు. చెడిన కైనేజు గుంటలో కూర్చొని దానిని పనిచేయనీయకుండా ఆపుతుంది, అంతే. మూలుగలో దాగి ఉన్న కొద్దిపాటి మూలకణాలు చాలామందిలో మిగిలే ఉంటాయి. రక్తపరీక్ష బాగున్నది కదా అని రోగి స్వయంగా మాత్రలు మానివేస్తే, గుంట ఖాళీ అయి, ఏటీపీ తిరిగి వచ్చి కూర్చుంటుంది, వ్యాధి మళ్లీ తలెత్తుతుంది. కొన్ని సంవత్సరాల పాటు బీసీఆర్-ఏబీఎల్ దాదాపు కనిపించని స్థాయిలో నిలిచిన కొందరిలో మందు ఆపి చూడవచ్చునని ఇటీవలి పరిశోధనలు తెలుపుతున్నాయి. అయితే అది తరచు పీసీఆర్ పరీక్షలతో, వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే చేయదగినది.

మందుకు లొంగని కణాలు

కొందరిలో మొదట పనిచేసిన మందు తరువాత పనిచేయదు. దీనికి ముఖ్య కారణం బీసీఆర్-ఏబీఎల్ లో జరిగే కొత్త ఉత్పరివర్తనలు. ఉదాహరణకు ఆ ప్రోటీనులో 315వ స్థానంలోని థ్రియోనిన్‌కు బదులు ఐసోల్యూసిన్ వస్తే గుంట ఆకారం మారి ఇమాటినిబ్ అందులో పట్టదు. తాళం మారింది కనుక పాత తాళంచెవి పనికిరాదు.

ఇమాటినిబ్‌కు లొంగని కణాల కొరకు డాసాటినిబ్ 2006లో, నిలోటినిబ్ 2007లో వచ్చాయి. 315వ స్థానపు మార్పును కూడా ఎదుర్కొనగల పొనాటినిబ్ 2012లో వచ్చింది. 2021లో అనుమతి పొందిన అసిమినిబ్ ఏటీపీ గుంట జోలికి పోకుండా, ప్రోటీనులోని మరొక చోట అతుక్కొని దానిని అదుపు చేస్తుంది. రోజూ వేసుకోవలసిన మాత్రలను తరచు తప్పించడం వలన కూడా చికిత్స విఫలమవుతుంది.

ఇతర లక్షిత చికిత్సలు

ట్రాస్టుజుమాబ్: రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుండి 20 శాతం వాటిలో హెర్-2 అనే గ్రాహకం అధికంగా ఉంటుంది. దానికి అతుక్కునే ఈ ప్రతిరక్షకం 1998లో వచ్చింది.

జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఆసిమెర్టినిబ్: ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ గ్రాహకపు జన్యువులో మార్పు ఉన్నవారికి ఇస్తారు. ఆ మార్పు పొగ తాగనివారిలోను, ఆసియా ప్రజలలోను ఎక్కువగా కనిపిస్తుంది.

సొరాఫెనిబ్: రాఫ్ కైనేజును, కణితికి రక్తనాళాలను పెంచే గ్రాహకాలను అడ్డుకుంటుంది. మూత్రపిండ, కాలేయ క్యాన్సర్లలో వాడతారు.

సొటొరాసిబ్: మందుకు పట్టు దొరకదని దశాబ్దాల పాటు భావించిన రాస్ ప్రోటీనులోని ఒక ప్రత్యేక మార్పుపై పనిచేసే మొదటి మందు. 2021లో అనుమతి పొందింది.

టోఫాసిటినిబ్: క్యాన్సర్ మందు కాదు. రోగనిరోధక కణాలలోని జాక్ కైనేజులను అణచి కీళ్లవాతాన్ని తగ్గిస్తుంది. 2012లో వచ్చింది. రోగనిరోధక శక్తి తగ్గుతుంది కనుక దీనిని వాడేముందు క్షయ పరీక్ష చేయడం అవసరం.

వీటన్నిటికీ సామాన్య నియమం ఒకటే. లక్ష్యం ఉన్న రోగికే మందు పనిచేస్తుంది. అందువలన చికిత్సకు ముందే కణితి ముక్కపై గాని, రక్తంపై గాని తగిన పరీక్ష జరగాలి.

మందు ధర, పేటెంటు, హైదరాబాదు

1970 నాటి భారత పేటెంటు చట్టం మందులకు తయారీ పద్ధతిపైనే హక్కు ఇచ్చేది, మందుపై కాదు. వేరే పద్ధతిలో అదే మందును ఎవరైనా తయారు చేసుకోవచ్చు. ఈ చట్టం, బాలానగర్‌లో ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్ అందించిన అనుభవం కలిసి హైదరాబాదును ఔషధ నగరంగా మార్చాయి. బాలానగర్, జీడిమెట్లలలోను, మౌలాలి ప్రక్కనే ఉన్న మల్లాపూర్, నాచారం పారిశ్రామికవాడలలోను రసాయన, ఔషధ కర్మాగారాలు వెలిశాయి. హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, అనగా సీసీఎంబీ, తార్నాకలో భారత రసాయన సాంకేతిక సంస్థ పరిశోధనలకు నెలవులైనాయి.

హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా 2003లో వీనాట్ పేరుతో ఇమాటినిబ్‌ను విడుదల చేసింది. నోవార్టిస్ వారి గ్లివెక్ ధర నెలకు సుమారు 1,20,000 రూపాయలు కాగా, భారతీయ సంస్థల మందు సుమారు 8,000 నుండి 10,000 రూపాయలకు లభించింది. 2003 నవంబరులో నోవార్టిస్‌కు ప్రత్యేక విక్రయ హక్కు లభించడంతో కొన్ని భారతీయ సంస్థలు అమ్మకం ఆపవలసి వచ్చింది. 2005లో చట్టం మారి మందులపై కూడా పేటెంటు ఇవ్వడం మొదలైంది. అయితే తెలిసిన పదార్థానికి కొత్త రూపం ఇచ్చినంత మాత్రాన పేటెంటు రాదని, దాని గుణం చెప్పుకోదగినంతగా పెరిగినట్లు చూపాలని 3(డి) సెక్షన్ నిర్దేశించింది.

ఇమాటినిబ్ మెసిలేట్ యొక్క బీటా స్ఫటిక రూపంపై నోవార్టిస్ 1998లో చేసిన దరఖాస్తును చెన్నై పేటెంటు కార్యాలయం 2006 జనవరిలో తిరస్కరించింది. వ్యతిరేకించినవారిలో నాట్కో, ముంబైకి చెందిన క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ ఉన్నాయి. ఏడేళ్ల వాదోపవాదాల తరువాత 2013 ఏప్రిల్ 1న సుప్రీం కోర్టు కూడా ఆ తిరస్కరణనే సమర్థించింది. కొత్త మందులు కనుగొనేవారికి ప్రతిఫలం లేకపోతే పరిశోధన కుంటుపడుతుందని నోవార్టిస్ వాదించింది. ఆ సంస్థ తన సహాయ పథకం ద్వారా భారతదేశంలో వేలాదిమంది రోగులకు గ్లివెక్‌ను ఉచితంగా ఇచ్చినదని కూడా చెప్పుకోవాలి. దానమైతే దాత ఇష్టం మీద ఆధారపడి ఉంటుందని, అందుబాటు ధర రోగి హక్కు అని రెండవ పక్షంవారి వాదన.

మరొక ఘట్టం సొరాఫెనిబ్‌కు సంబంధించినది. ఈ మందుపై అప్పట్లో బేయర్ సంస్థకు పేటెంటు ఉండేది, ధర నెలకు 2,80,428 రూపాయలుగా ఉండేది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ నాట్కోకు నిర్బంధ లైసెన్సు మంజూరు చేశారు. దీని ప్రకారం నాట్కో నెల మందును 8,880 రూపాయలకు మించకుండా అమ్మి, బేయర్‌కు 6 శాతం రాయల్టీ చెల్లించవలసి ఉండేది. అప్పీలులో రాయల్టీ 7 శాతానికి పెరిగింది గాని లైసెన్సు నిలిచింది. స్వతంత్ర భారతదేశంలో 2005 సవరణ తరువాత మందుకు ఇచ్చిన మొదటి నిర్బంధ లైసెన్సు ఇదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇమాటినిబ్‌ను, ట్రాస్టుజుమాబ్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

పరిమితులు

సీఎంఎల్ వలె ఒకే లోపంతో నడిచే వ్యాధులు అరుదు. అనేక క్యాన్సర్లలో పలు మార్గాలు ఒకేసారి చెడి ఉంటాయి. ఒక దారి మూస్తే కణం మరో దారి వెదుక్కుంటుంది. అందుకే పలుచోట్ల రెండు మందులను కలిపి వాడుతున్నారు. లక్షిత చికిత్సకు దుష్ఫలితాలు లేవనుకోవడం కూడా పొరపాటు. ఇమాటినిబ్ వలన ముఖం, కాళ్లు వాపు, కండరాల పట్టివేత, వాంతులు కలగవచ్చు. ట్రాస్టుజుమాబ్ కొందరిలో గుండె పనిని తగ్గించవచ్చు. ధర తగ్గినా, లక్ష్యాన్ని గుర్తించే పరీక్షలు పెద్ద నగరాలకే పరిమితమైతే మారుమూల రోగికి ప్రయోజనం అందదు.

పారిభాషిక పదాలు

గ్రాహకం: సంకేత అణువును స్వీకరించే ప్రోటీను.
కైనేజు: ఏటీపీ నుండి ఫాస్ఫేట్‌ను తీసి ఇతర అణువుకు అతికించే ఎంజైము.
ఫాస్ఫటేజు: ఆ ఫాస్ఫేట్‌ను తొలగించే ఎంజైము.
ద్వితీయ వార్తాహరి: కణం లోపల సంకేతాన్ని వ్యాపింపజేసే చిన్న అణువు.
ఉత్పరివర్తన: జన్యువులో కలిగే మార్పు.
ఆంకోజీను: మార్పు చెంది క్యాన్సర్‌కు దోహదం చేసే జన్యువు.
నిర్బంధ లైసెన్సు: పేటెంటుదారు అనుమతి లేకున్నా, ప్రజాప్రయోజనం కొరకు రాయల్టీపై తయారీకి ప్రభుత్వం ఇచ్చే అనుమతి.